వాయిడ్‌వాకర్‌ను అడ్డుపెట్టుకుని ఆడటం ఎలా: వావ్ క్లాసిక్‌లో కొత్త వార్‌లాక్‌లకు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (వావ్) అనే ఆన్‌లైన్ ఆటలో వార్‌లాక్ అంటే భూతాలను పిలిచి పోరాడే మంత్రగాడు. అతని ఒంటి మీద ఉండేది గుడ్డ. ఇనుప కవచం లేదు, డాలు పట్టే వీలు లేదు. ఒక శత్రువు దగ్గరికొచ్చి కొడుతుంటే వేసే మంత్రం ప్రతి దెబ్బకీ వెనక్కి జరుగుతుంది, అంటే పూర్తవడం ఆలస్యమవుతుంది. రెండో శత్రువు తోడైతే చాలాసార్లు అక్కడితో సరి. 10వ లెవెల్ దాకా ఇలాగే నెట్టుకొస్తాం. ఆ తర్వాత చేతికొచ్చేదే వాయిడ్‌వాకర్ అనే భూతం. నీలం రంగులో, వెడల్పాటి భుజాలతో, కాళ్లు లేకుండా గాల్లో తేలుతూ వచ్చే పెద్ద ఆకారం.

చాలామంది దీన్ని పిలిచిన మొదటి రోజే నిరాశపడతారు. అంతకుముందు వాడే చిన్న భూతం ఇంప్ విసిరే నిప్పుతో పోలిస్తే దీని దెబ్బకి శత్రువు హెల్త్ కదిలినట్టే కనిపించదు. నాకూ అలాగే అనిపించింది. రెండు రోజులు వాడి, మళ్లీ ఇంప్‌కే వెళ్లిపోయాను. తర్వాత తెలిసింది, తప్పు వాయిడ్‌వాకర్‌ది కాదు, నేను వాడిన తీరుది. అది కొట్టడానికి వచ్చింది కాదు, మన బదులు దెబ్బలు తినడానికి వచ్చింది. ఆ పని చేయడానికి దానికి కాస్త సమయం కావాలి. ఆ సమయం ఎప్పుడు, ఎంత ఇవ్వాలో తెలిస్తే మిగతాదంతా సులువే.

ఇక్కడ చెప్పేదంతా పాత ఆట నియమాలతో 2019 ఆగస్టులో మళ్లీ వచ్చిన క్లాసిక్ గురించి. ఇప్పటి కొత్త ఆటలో వాయిడ్‌వాకర్ చాలా మారిపోయింది. అక్కడ ఈ లెక్కలు పనిచేయవు.

ముందు దాన్ని సంపాదించుకోండి

10వ లెవెల్ రాగానే వార్‌లాక్ ట్రైనర్ ఉన్న పట్నానికి వెళ్లండి. మీ పాత్ర జాతి మనిషి లేదా నోమ్ అయితే స్టార్మ్‌విండ్‌లోని మేజ్ క్వార్టర్‌లో స్లాటర్డ్ ల్యాంబ్ అనే సత్రం ఉంటుంది. దాని నేలమాళిగలో గాకిన్ ద డార్క్‌బైండర్ కనిపిస్తాడు. ఆర్క్ అయితే ఆర్గ్రిమార్‌లోని క్లెఫ్ట్ ఆఫ్ షాడోలో గన్‌రుల్ బ్లడ్‌ఐ దగ్గరికి, అన్‌డెడ్ అయితే అండర్‌సిటీలో కారెండిన్ హాల్గర్ దగ్గరికి వెళ్లాలి.

గాకిన్ ఇచ్చే క్వెస్ట్‌లో సురేనా కాలెడాన్ అనే ఆవిడ దగ్గరున్న బ్లడ్‌స్టోన్ చోకర్ తేవాలి. ఆవిడ ఎల్విన్ అడవిలోని బ్రాక్‌వెల్ గుమ్మడి తోటలో ఉంటుంది, పక్కన మోర్గాన్, ఎర్లాన్ అని ఇద్దరు తోడుంటారు. ఈ ముగ్గురి దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా చచ్చిపోతారు, ఎందుకంటే అప్పటికి మన దగ్గరున్నది ఇంప్ ఒక్కటే. ఇంకో ఆటగాడిని తోడు తీసుకెళ్లడం మంచిది. ఎవరూ దొరక్కపోతే ఇంకో లెవెల్ పెరిగాక వెళ్లండి. 8వ లెవెల్‌లో నేర్చుకున్న ఫియర్‌తో ఒకడిని పరుగెత్తించి, మిగతావాళ్లలో ముందు సురేనా మీద పడండి. ఆవిడ మంత్రాలు వేస్తుంది, ఎక్కువసేపు బతకనివ్వకూడదు. ఆర్క్‌లకైతే డురోటార్‌లోని స్కల్ రాక్ గుహలోంచి టాబ్లెట్ ఆఫ్ వెర్గా తీసుకురావడం పని.

వస్తువు తెచ్చిచ్చాక దాన్ని పిలుపు వలయంలో నిలబడి వాడాలి. అక్కడ ఒక వాయిడ్‌వాకర్ ప్రత్యక్షమై మీ మీదికే వస్తుంది. దాన్ని ఓడిస్తేనే లొంగుతుంది. వలయంలోకి వెళ్లేముందు హెల్త్, మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) నిండుగా ఉండేలా చూసుకోండి. కరప్షన్, ఇమ్మొలేట్ అంటించి షాడో బోల్ట్‌లు వేస్తూ పోతే పడిపోతుంది. ఇది సులువైన పోరాటమే.

మీ వాయిడ్‌వాకర్‌కి ఆటే ఒక పేరు పెడుతుంది. ఎన్నిసార్లు చచ్చి మళ్లీ పిలిచినా ఆ పేరు మారదు. కొన్నాళ్లకి ఆ పేరుతోనే పిలవడం అలవాటైపోతుంది.

సోల్ షార్డ్ లేకుండా ఊరు దాటొద్దు

ఇంప్‌ని ఊరికే పిలవచ్చు. వాయిడ్‌వాకర్‌ని పిలవాలంటే ప్రతిసారీ ఒక సోల్ షార్డ్ ఖర్చవుతుంది. 10వ లెవెల్‌లో వచ్చే డ్రెయిన్ సోల్ మంత్రం నడుస్తుండగా శత్రువు చస్తే ఒక షార్డ్ సంచిలో పడుతుంది. ఆ శత్రువు మీకు ఎక్స్‌పీరియన్స్ ఇచ్చేంత లెవెల్‌లో ఉండాలి. పేరు బూడిదరంగులో కనిపించేవాటిని చంపితే ఏమీ రాదు.

డ్రెయిన్ సోల్ 15 సెకన్లు నడుస్తుంది. శత్రువు హెల్త్ ఐదో వంతుకి దిగాక మొదలుపెడితే సరిపోతుంది. అప్పటికే కరప్షన్, కర్స్ ఆఫ్ ఆగనీ పనిచేస్తుంటాయి కాబట్టి ఆ లోపే చస్తుంది. ఆలస్యం చేస్తే మాత్రం డ్రెయిన్ మొదలయ్యేలోపే డాట్‌లు (కరప్షన్ లాంటి, నెమ్మదిగా హెల్త్ తినే మంత్రాలు) చంపేస్తాయి, షార్డ్ పోతుంది.

షార్డ్‌లు ఒకదాని మీద ఒకటి పేరవు. ఒక్కోటి సంచిలో ఒక గడి తినేస్తుంది. అందుకే మొదట్లో మూడు ఉంచుకుంటే చాలు: చచ్చిపోతే పిలవడానికి ఒకటి, అది కూడా పోతే ఇంకొకటి, హెల్త్‌స్టోన్ చేసుకోవడానికి మూడోది. పది పోగేసుకుంటే దొరికిన సామాను పెట్టుకోవడానికి చోటుండదు.

పెట్ బార్‌ని ముందే సర్దుకోండి

పిలిచాక తెర కింద పెట్ బార్, అంటే మీరు పిలిచిన భూతాన్ని (పెట్‌ని) నడిపే బటన్ల వరుస, కనిపిస్తుంది. ఇందులో మూడు విషయాలు ఇప్పుడే సరిచేసుకోండి.

మొదటిది, వైఖరి. ఎగ్రెసివ్ ఎప్పుడూ వద్దు. దారిలో కనిపించిన ప్రతిదాని మీదా పడుతుంది. బయట ఒంటరిగా తిరిగేటప్పుడు డిఫెన్సివ్ చాలు, ఎవరైనా మిమ్మల్ని కొడితే అది తిరగబడుతుంది. జనంతో ఉన్నప్పుడు పాసివ్ పెట్టండి.

రెండోది, టార్మెంట్. వాయిడ్‌వాకర్ ఉద్యోగం మొత్తం ఈ ఒక్క సామర్థ్యం మీదే నడుస్తుంది. శత్రువు కోపాన్ని తనవైపు తిప్పుకునేది ఇదే. దీని మీద రైట్ క్లిక్ చేస్తే అంచు చుట్టూ మెరుపు తిరుగుతుంది. అంటే ఇక దానంతటదే వాడుకుంటుంది. ఒంటరిగా ఆడేటప్పుడు ఆ మెరుపు ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. "నా వాయిడ్‌వాకర్ శత్రువుని పట్టి ఉంచడం లేదు" అని ఎవరైనా అంటే ముందు నేను అడిగేది దీని గురించే.

మూడోది, అటాక్ బటన్. మౌస్‌తో వెతుక్కుంటూ కూర్చోవద్దు. మామూలుగా కంట్రోల్, 1 కలిపి నొక్కితే పెట్ దాడికి వెళ్తుంది. చేతికి అందదనుకుంటే వేరే కీ పెట్టుకోండి. కానీ చూడకుండా నొక్కగలిగేలా ఉండాలి.

మొదటి పోరాటం, నెమ్మదిగా

ఒక పంది దొరికిందనుకోండి. 30 గజాల దూరంలో ఆగండి. టార్గెట్ చేసి పెట్‌ని పంపండి. ఇప్పుడు మీ వేలు షాడో బోల్ట్ మీదికి పోతుంది. ఆగండి.

వాయిడ్‌వాకర్ తేలుకుంటూ వెళ్తుంది, పంది దానివైపు తిరుగుతుంది, మొదటి టార్మెంట్ పడుతుంది. ఇప్పుడు కర్స్ ఆఫ్ ఆగనీ వేయండి. ఇది 24 సెకన్లు నడిచే శాపం. మొదట్లో చాలా తక్కువగా కొడుతుంది, పోనుపోను పెరుగుతుంది. అందుకే ముందు వేయడానికి ఇదే సరైనది. శత్రువుకి మన మీద కోపం మెల్లగా పెరుగుతుంది, ఈలోపు వాయిడ్‌వాకర్ తన పట్టు బిగిస్తుంది. తర్వాత కరప్షన్. టార్మెంట్ సుమారు ఐదు సెకన్లకోసారి పడుతుంది. రెండోసారి పడిందని కనిపించాక ఇమ్మొలేట్. ఆ తర్వాత మంత్రదండంతో కాలుస్తూ ఉండండి, మానా మిగులుతుంది. పంది హెల్త్ అడుగంటుతుంటే డ్రెయిన్ సోల్.

ఇలా ఆడితే ఒక్కో శత్రువుకి నాలుగైదు సెకన్లు ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ మీ హెల్త్ దాదాపు తగ్గదు. తినడానికీ తాగడానికీ కూర్చోవలసిన పని తప్పుతుంది. ఒకదాని తర్వాత ఒకటి చంపుకుంటూ పోవచ్చు. గంట మొత్తం చూసుకుంటే ఇదే వేగం.

కోపం లెక్క

ఆటలో దీన్ని థ్రెట్ అంటారు. మీరు కొట్టిన ప్రతి పాయింట్ దెబ్బకీ శత్రువుకి మీ మీద అంత కోపం పెరుగుతుంది. వాయిడ్‌వాకర్ దెబ్బ చిన్నదే అయినా టార్మెంట్ వల్ల అదనంగా కోపం తెచ్చుకుంటుంది. ఎవరి మీద కోపం ఎక్కువుంటే వాళ్ల మీదికి శత్రువు వస్తుంది.

అయితే కొంచెం ఎక్కువవగానే తిరగదు. మీరు దూరంగా ఉంటే, వాయిడ్‌వాకర్ మీద ఉన్న కోపంలో 130 శాతం దాటితేనే మీవైపు వస్తుంది. చేతికందేంత దగ్గరగా ఉంటే 110 శాతానికే తిరిగిపోతుంది. అంటే వాయిడ్‌వాకర్ 100 సంపాదిస్తే, దూరంగా నిలబడ్డ మీకు 130 వరకూ వెసులుబాటు ఉంది. శత్రువు పక్కనే నిలబడితే ఆ వెసులుబాటులో 20 పోయినట్టే. దూరంగా నిలబడమని చెప్పడానికి అసలు కారణం ఇదే.

ఇంకో సంగతి. టార్మెంట్ కొత్త ర్యాంకులు 20, 30, 40, 50, 60 లెవెల్స్‌లో వస్తాయి. మధ్యలో మీ మంత్రాలు బలపడుతూనే ఉంటాయి, దాని టార్మెంట్ మాత్రం అక్కడే ఉంటుంది. కాబట్టి 18, 19 లెవెల్స్‌లో పట్టు సడలినట్టు అనిపిస్తే కంగారు పడకండి. ఇంకో టార్మెంట్ పడేదాకా ఆగి మొదలుపెట్టండి, అంతే. మంచి దుస్తులు, మంచి మంత్రదండం దొరికేకొద్దీ కూడా ఈ తేడా పెరుగుతుంది. ఎందుకంటే క్లాసిక్‌లో మీ సామాను బలం పెట్‌కి అందదు.

కొత్త ర్యాంకులు వాటంతటవే రావు. డీమన్ ట్రైనర్ దగ్గర గ్రిమ్వార్ అనే పుస్తకాలు కొనాలి. వాయిడ్‌వాకర్‌ని బయట ఉంచి ఆ పుస్తకాన్ని రైట్ క్లిక్ చేస్తేనే అది నేర్చుకుంటుంది. మీ మంత్రాలు నేర్చుకుని దీని సంగతి మర్చిపోయి ఊరు దాటేస్తే, మళ్లీ తిరిగొచ్చేదాకా పాత టార్మెంట్‌తోనే నెట్టుకురావాలి.

ఇద్దరు మీద పడితే

మొదటి దాని మీద రెండు టార్మెంట్‌లు పడేదాకా చూడండి. తర్వాత రెండోదాన్ని టార్గెట్ చేసి పెట్‌ని దాని మీదికి పంపండి. మొదటిది కూడా వాయిడ్‌వాకర్ వెంటే పోతుంది, ఎందుకంటే దాని కోపం ఇంకా అటే ఉంది. ఈ మధ్యలో మీరు ఏ ఒక్క మంత్రం వేసినా మొదటిది మీవైపు తిరిగే ప్రమాదముంది. రెండోదాని మీద కూడా రెండు పడ్డాక ఇద్దరికీ ఆగనీ, కరప్షన్ అంటించి నిలబడండి.

24వ లెవెల్‌లో సఫరింగ్ వస్తుంది. చుట్టూ ఉన్న అందరి కోపాన్నీ ఒకేసారి లాగుతుంది. మూడు నాలుగు వచ్చి పడ్డప్పుడు ఆదుకునేది ఇదే. దీన్ని అత్యవసరానికే దాచుకోండి.

మనుషుల్లాంటి శత్రువులు హెల్త్ తగ్గగానే పారిపోయి పక్కవాళ్లని వెంటేసుకొస్తారు. వాయిడ్‌వాకర్ దాన్ని ఆపలేదు. 14వ లెవెల్ నుంచి కర్స్ ఆఫ్ రెక్‌లెస్‌నెస్ ఉంటుంది, చివర్లో అది వేస్తే పారిపోరు.

దాన్ని బతికించుకోవడం

12వ లెవెల్‌లో హెల్త్ ఫనెల్ నేర్చుకుంటారు. మీ హెల్త్‌ని ధారపోసి దానికి ఎక్కించే మంత్రం. పోరాటం మధ్యలో దాని హెల్త్ సగానికి దిగి, శత్రువు ఇంకా గట్టిగానే ఉంటే ఇది వాడండి. దెబ్బలు అది తింటోంది కాబట్టి మీ హెల్త్ ఎలాగూ నిండుగానే ఉంటుంది. ఖాళీగా ఉంచుకుని ఏం లాభం? పోయింది తర్వాత తిండితో నింపుకోవచ్చు. మీకూ సగం కంటే తక్కువుంటే మాత్రం ధారపోయకండి.

18వ లెవెల్ నుంచి కన్స్యూమ్ షాడోస్ వస్తుంది. ఇది పోరాటానికీ పోరాటానికీ మధ్య వాడుకోవలసినది. మీరు మానా కోసం తాగుతూ కూర్చున్న పది సెకన్లలో అది తన హెల్త్ తనే నింపుకుంటుంది. తాగడానికి కూర్చోగానే దాన్ని నొక్కడం చేతికి అలవాటు చేసుకోండి.

సాక్రిఫైస్

16వ లెవెల్‌లో వచ్చే సాక్రిఫైస్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని బార్ మీద పెట్టుకుని కూడా ముట్టుకోరు. నొక్కగానే వాయిడ్‌వాకర్ తనను తాను అర్పించుకుని మాయమవుతుంది. మీ చుట్టూ 30 సెకన్ల షీల్డ్ వస్తుంది. మొదటి ర్యాంక్‌లో అది 305 పాయింట్ల దెబ్బని మింగుతుంది. ఆ లెవెల్‌లో అది చాలా పెద్ద అంకె.

ఎప్పుడు నొక్కాలి? వాయిడ్‌వాకర్ చావబోతోందని తెలిసిన క్షణంలో. దాని హెల్త్ ఐదో వంతుకి వచ్చి, మీ దగ్గర ఫనెల్ పోసే వీలు లేకపోతే ఇక ఆలోచించకండి. ఒక్క దెబ్బ ఆలస్యమైతే అది ఊరికే చచ్చిపోతుంది. షార్డ్ ఎలాగూ పోతుంది, షీల్డ్ కూడా రాదు. నేను ఎన్నోసార్లు ఆ ఒక్క దెబ్బ దగ్గరే ఆగిపోయాను, "ఇంకాస్త నిలుస్తుందిలే" అనుకుని. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక చేసే పొరపాటు ఇది. ఇప్పుడు దాని హెల్త్ బార్ ఎర్రబడగానే వేలు సాక్రిఫైస్ మీదే ఉంచుతాను.

షీల్డ్ వచ్చాక ఏం చేయాలన్నదే అసలు కిటుకు. దెబ్బని షీల్డ్ పూర్తిగా మింగినంతసేపూ మీ మంత్రాలు వెనక్కి జరగవు. కాబట్టి శత్రువు హెల్త్ తక్కువుంటే అక్కడే నిలబడి షాడో బోల్ట్‌లతో ముగించేయండి. ఎక్కువుంటే ఒకదాన్ని ఫియర్‌తో తరిమి, కొత్త వాయిడ్‌వాకర్‌ని పిలవడం మొదలుపెట్టండి. పిలవడానికి 10 సెకన్లు పడుతుంది, షీల్డ్ గడువు 30 సెకన్లు. ఒకే శత్రువు కొడుతుంటే చాలాసార్లు సరిపోతుంది. మీ పక్కన రెండోసారి ఆ నీలం ఆకారం లేచి నిలబడి, మీ మీదున్న శత్రువుని తనవైపు లాక్కోవడం చూస్తే గుండె కుదుటపడుతుంది.

ఒక జాగ్రత్త. టాలెంట్ చెట్టులో (పాయింట్లు పెట్టి అదనపు శక్తులు ఎంచుకునే పట్టికలో) డీమానిక్ సాక్రిఫైస్ అని ఇంకోటి ఉంటుంది. అది వేరే. దానితో వాయిడ్‌వాకర్‌ని అర్పిస్తే షీల్డ్ రాదు, 30 నిమిషాల పాటు ప్రతి 4 సెకన్లకీ మీ మొత్తం హెల్త్‌లో 3 శాతం తిరిగి వస్తుంది. రెండూ ఉన్నవాళ్లు బటన్లని దూరదూరంగా పెట్టుకోండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్పు బటన్ నొక్కకూడదు.

టాలెంట్లు ఎక్కడ పెట్టాలి

ఒంటరిగా లెవెల్ పెంచుకునేవాళ్లు వాయిడ్‌వాకర్‌నే నమ్ముకుంటే డీమనాలజీ చెట్టు బాగుంటుంది. ఇంప్రూవ్డ్ వాయిడ్‌వాకర్‌లో మూడు పాయింట్లు పెడితే టార్మెంట్, సాక్రిఫైస్, సఫరింగ్, కన్స్యూమ్ షాడోస్ అన్నీ 30 శాతం బలపడతాయి. మొదటి పాయింట్లలో ఇవి ఉండాలి. తర్వాత ఫెల్ డామినేషన్, మాస్టర్ సమనర్. మొదటిది పిలుపు సమయాన్ని 5.5 సెకన్లు, రెండోది పూర్తిగా నింపితే 4 సెకన్లు తగ్గిస్తాయి. 10లోంచి ఈ రెండూ తీసేస్తే మిగిలేది అర సెకను. సాక్రిఫైస్ నొక్కి, ఫెల్ డామినేషన్ నొక్కి, పిలిస్తే రెప్పపాటులో షీల్డూ ఉంది, వాయిడ్‌వాకరూ ఉంది. ఫెల్ డామినేషన్ 15 నిమిషాలకోసారే దొరుకుతుంది కాబట్టి మామూలుగా ఊళ్లో పెట్ మార్చుకోవడానికి దాన్ని వాడేయకండి.

40వ లెవెల్‌లో సోల్ లింక్ అందుతుంది. మీకు తగిలే దెబ్బలో 30 శాతం పెట్‌కి పోతుంది. అక్కడి నుంచి మిమ్మల్ని చంపడం చాలా కష్టం.

డంజన్‌లోకి వెళ్తే

జట్టుగా వెళ్లి పోరాడే డంజన్‌కి వీలైతే వాయిడ్‌వాకర్‌ని తీసుకెళ్లకండి. ఇంప్‌కి ఉన్న బ్లడ్ పాక్ట్ జట్టు మొత్తానికీ స్టామినా పెంచుతుంది, అక్కడ అదే ఎక్కువ ఉపయోగం. తీసుకెళ్లాల్సి వస్తే టార్మెంట్ మీది మెరుపు ఆపేయండి. లేకపోతే ట్యాంక్ (జట్టు తరఫున దెబ్బలు తినే ఆటగాడు) పట్టుకున్న శత్రువుని ఇది లాగేస్తూ ఉంటుంది, శత్రువు తల అటూ ఇటూ తిరుగుతుంది, జట్టు హెల్త్ నింపే హీలర్‌కి టెన్షన్. ట్యాంక్ పడిపోయిన క్షణంలో మాత్రం టార్మెంట్ మళ్లీ వేసి ఒక శత్రువుని పట్టి ఉంచవచ్చు. ఆ కొన్ని సెకన్లలో హీలర్ తేరుకుంటాడు.

ఎత్తు మీంచి కిందికి దూకేముందు పెట్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి డిస్మిస్ నొక్కండి. మీరు దూకుతారు గానీ అది దూకదు. మెట్లూ వంతెనలూ అన్నీ చుట్టుకుని నడిచి వస్తుంది, దారిలో తనని చూసిన ప్రతి శత్రువునీ వెంటేసుకుని మీ జట్టు దగ్గరికి తెస్తుంది. కింద మళ్లీ పిలవడానికి ఒక షార్డ్ పోతుంది. ఊరు దాటేముందు మూడు షార్డ్‌లు పెట్టుకోమన్నది ఇలాంటి చోటుకి కూడా.